అంకమ్మ పెట్టిన పత్యం

అంకమ్మ పత్యమంటే ఆ చుట్టుపక్కల ఊళ్ళల్లో పేరంట. ఏ ఇంట్లో పురుడొచ్చినా బాలింతకి ఏం పెట్టాల, ఏం పెట్టగూడదని ఆమెనే అడిగేవాళ్ళు. పాతబియ్యం అన్నం, చింతపండు వెయ్యని వెల్లుల్లి కారం, నెయ్యి, చివర్న కాస్త కమ్మటి మజ్జిగ. అంతే. కూర లేదు, పండు లేదు, పులుపు ఊసే లేదు. పులుపు తగిలితే పుండు చీము పట్టుద్దని మనమూ అంటాం గదా, ఆమె మనకంటే నాలుగాకులు ఎక్కువే. అట్టాంటి అంకమ్మ కూతురు నాగేంద్రానికి కాన్పు కష్టమయ్యి, పొట్ట కోసి బిడ్డను తీశారంట. ఇంకేముంది, పరాయి పిల్లలకి నెల తిరిగితే సడలించే మనిషి, సొంత కూతురికి నెలలు గడుస్తున్నా సడలించలా. నాగేంద్రం అమ్మ మాట కాదనే పిల్ల కాదు, పెట్టింది తినేది.

ఏమైందంటే, మానిన కుట్టు మళ్ళీ విచ్చుకుంది. చిగుళ్ళు ఉబ్బినయ్, పళ్ళు తోముకుంటే నెత్తురు. పిక్కల మీద ఎవరో కొట్టినట్టు నల్లటి మచ్చలు. బిడ్డనెత్తుకుని లేవలేదు, గోడ పట్టుకునేది. అంకమ్మకి ఏం తోచిందనుకుంటన్నారు? ఈ పిల్ల దొంగతనంగా పులుపు తిందని తోచింది. "ఏం తిన్నావే?" అంటే "ఏం తినలేదమ్మా" అంటది. "తినకపోతే కుట్టెట్టా విడుద్ది? చింతకాయ కొరికావా, చెప్పు." "నా బిడ్డ మీద ఒట్టు, తినలా." పసోడి మీద ఒట్లేందే అని కసిరి, పచ్చళ్ళ జాడీలుండే గదికి తాళమేసి చెవి బొడ్లో దోపుకుంది. మజ్జిగ కూడా పులుపేనని అదీ ఆపేసింది. పక్కింటి సౌభాగ్యం వచ్చి, "వదినా, పిల్ల మొహం చూశావా, బూడిద పూసినట్టుంది, ఆస్పత్రికి తీసకపో" అందంట. పత్యం చెడి ఇట్టయిందిలే అంటది ఈమె. "నీ ఇంట్లో పత్యం చెడగొట్టే దమ్ము ఎవరికుంది గాని, పద" అని సౌభాగ్యమే ఆటో పిలిచింది.

డాక్టరమ్మ నాగేంద్రం నోరు తెరిపించి చూసి, ఏం పెడతన్నారమ్మా అని అడిగింది. అంకమ్మ కాస్త గొప్పగానే చెప్పింది. పండు? పెట్టలా. కూరగాయ? పెట్టలా. నిమ్మకాయన్నా? "అయ్యో, పులుపు ముట్టనిస్తానా అమ్మా." డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. ఒంట్లో కండని కండతో పట్టి ఉంచే నార ఒకటుంటదంట, అది గట్టిపడాలంటే సి విటమిన్ కావాల. మేక అయితే దానికి కావలసింది దాని ఒంట్లోనే చేసుకుంటదంట, మనిషి చేసుకోలేడు, తిని తెచ్చుకోవాల్సిందే. ఉసిరికాయలో ఉంది, జామకాయలో ఉంది, నిమ్మకాయలో ఉంది. అది అందకపోతే కొత్త పుండు మానదు, మానిన పుండూ విడిపోద్ది. "ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంచితే మీ అమ్మాయి దక్కేది కాదమ్మా" అంది. బిళ్ళలు రాసిచ్చి, ఉసిరికాయ దొరికితే పచ్చిదే పెట్టండి, ఉడకబెడితే సారం పోతుంది అని చెప్పింది.

అంకమ్మ ఆస్పత్రి బయట బండి మీద ఉసిరికాయలు కొని, అక్కడే సన్నగా కోయించుకుని వచ్చి, ఒక ముక్క కూతురి నోటికందించింది. నాగేంద్రం నోరు తెరవలా. తల్లి మొహంలోకి చూసి, "తింటే తిట్టవు గదా అమ్మా?" అని అడిగింది. అంకమ్మ ముక్క ఆ పిల్ల పెదాలకి ఆనించి, "తిట్టను, తిను" అంది. చిగుళ్ళు మండి కళ్ళమ్మట నీళ్ళు కారతన్నా ఆ పిల్ల ముక్క వదల్లేదు, నమిలింది.

వారం తిరక్కుండా నెత్తురు ఆగింది. కుట్టు మాత్రం నిదానంగా పూడింది. బతికింది, అది చాలు.

ఇప్పటికీ అంకమ్మని పత్యం అడగటానికి వస్తారంట. పాతబియ్యం, వెల్లుల్లి కారం, మీదట ఒక జామకాయ అంటది. మరి వద్దన్నావుగా పిన్నీ అంటే, "అప్పుడు వద్దన్నా, ఇప్పుడు తినమంటన్నా" అంటది. పెద్దల మాట చద్దిమూట అంటారు, నిజమే. చద్దిమూటనైనా విప్పి, వాసన చూసుకునే గదా తినేది.