ఓనరుగారి విమానం టికెట్టు

నెహ్రూ నగర్ ఇంట్లో సాయంత్రం టీ వేళ. సిర్గిట్టిలోని తలుపు గొళ్ళేల ఫ్యాక్టరీ నుంచి వేణుగోపాల్ రుసరుసలాడుతూ వచ్చాడు. స్టవ్ ముందున్న జ్యోతిర్మయికి మాత్రం టీ మరిగేదాకా తొందరేమీ లేదు.

“ఏటీ, నేనా? ఢిల్లీకా?”

“నువ్వే. మన గొళ్ళేలు కొంటామన్న ఢిల్లీ హోటలు వాళ్ళ పర్చేజ్ ఆఫీసరు మెహతా ఫ్యాక్టరీ షెడ్డుకి ఫోన్ చేశాడు. ఆర్డరు కాగితాల మీద ఓనరు స్వయంగా వచ్చి సంతకం పెట్టాలిట. ఎల్లుండి పొద్దున్న.”

“ఓనరు మీరు కాదేటి?”

“జ్యోతీ, తెలీనట్టు మాట్లాడకు. ఆడవాళ్ళ పేరైతే లోను మీద వడ్డీ తక్కువని ఫ్యాక్టరీ నీ పేరున పెట్టానా లేదా?”

“అచ్ఛా, ఆ సంగతా! ఒకసారి తీసుకెళ్ళి కొబ్బరికాయ కొట్టించారు, మళ్ళీ అటేపు రానియ్యలేదు. మర్చిపోయాను.”

“ఈవేళ్టి ఢిల్లీ బండి వెళ్ళిపోయింది. రేపటిది ఎక్కితే ఎల్లుండి సాయంత్రానికి గానీ చేరదు. రాయ్‌పూర్ వెళ్ళి విమానం ఎక్కడమే గతి. ఇద్దరికీ రానూ పోనూ అంటే, ఈ ఆర్డరులో మనకి మిగిలేది ఆ టికెట్లకే సరి.”

“మరేటి చేద్దాం?”

“నేనొక్కణ్ణే వెళ్తాను. నీ సంతకం నేను పెట్టలేనా?”

“పెడతారు. నా సంతకం నాకన్నా మీరే బాగా పెడతారు. కాయితం మీద శ్రీమతి అని ఉంటాది కదా మరి. మీసం తీయించేస్తారా?”

“వేళాకోళం కాదు!”

“పోనీ ఇద్దరం ఎల్దాం. నేను మీ ఒళ్ళో కూచుంటాను. ఒళ్ళో పిల్లలకి టికెట్టు తక్కువంట.”

“జ్యోతీ!”

“కోప్పడకండి, టీ తాగండి. సంతకం నాదైతే, అక్కడ మీకేటి పని?”

“నాకేం పనా? నువ్వు సంతకం పెడతావు, నేను మాట్లాడతాను.”

“అంటే సంతకానికొక టికెట్టు, మాటలకొక టికెట్టు.”

“అంతే మరి.”

“ఆ సంతకమే మాట్లాడీసిందనుకోండి, ఒక టికెట్టు మిగిలిపోద్ది.”

“నువ్వా? గొళ్ళేల గురించి నీకేం తెలుసు?”

“హోటలు బాత్రూంలో గొళ్ళెం పడకపోతే ఒక చేత్తో తలుపు పట్టుకుని, రెండో చేత్తో చీర సర్దుకునేది మీరా, నేనా?”

“సరే, ధర తగ్గించమంటే?”

“గోల్ బజార్లో వంకాయల దగ్గర సంచీ నా చేతికిచ్చి, తమరు పక్క కొట్టు బోర్డు చదువుతారు. అక్కడ బేరం ఎవరు ఆడతన్నారు?”

“అది వేరు.”

“ఏటి వేరు?”

“వేరంటే... ఒక్కదానివీ ఢిల్లీలో ఎలా?”

“మా నాన్న రైల్వే పాసు మీద దేశమంతా తిరిగినదాన్ని. ఢిల్లీ కొత్తేటి నాకు? విమానమే కొత్త. మీరెళ్ళిన ప్రతిసారీ అందులో ఇచ్చిన చాక్లెట్టూ, చెవుల్లో పెట్టుకునే దూదీ తెచ్చిచ్చారు. చాక్లెట్టు తిన్నాను. ఆ దూది ఏటి చేసుకోను, వంటింట్లో కూచుని?”

“అంత మనసైతే ఎప్పుడూ అడగలేదేం?”

“ఖర్చు కదా. ఇప్పుడు ఖర్చు తగ్గుతోంది కాబట్టి అడుగుతున్నాను.”

“ఒక టికెట్టు తగ్గే మాట నిజమే.”

“మీరిక్కడే ఉంటే షెడ్డులో పనీ ఆగదు.”

“ఆగదు... ఆగదనుకో. సరే, ఆ ఫోన్ ఇలా ఇయ్యి, టికెట్ల ఏజెంటుకి చెప్తాను. హలో, గుప్తాజీ? కల్ ఢిల్లీ కా టికెట్. దో నహీఁ, ఏక్ హీ. మేడమ్ కే నామ్ పర్. హాఁ, అకేలీ... పక్కా? ఠీక్ హై.”

“దొరికిందా?”

“దొరికింది. రేపటికే, నీ ఒక్కదాని పేరునే, కిటికీ పక్కన. ఆ నవ్వు ఆపి సూట్‌కేసు దింపుకో. మెహతాకి కూడా ఓ ఫోన్ చేసి, మా ఆవిడకి ఇవేమీ తెలీవు, కాస్త చూసుకోండని చెప్తానుండు.”

“చెప్పక్కర్లేదండీ, నాకు తెలిసినాయనే. ‘కాయితాలు పోస్టులో పంపిస్తాను, సంతకం పెట్టి తిప్పి పంపితే చాలమ్మా’ అని మొన్న ఇంటికే ఫోన్ చేశాడు. ‘అలా కుదరదు, ఓనరు స్వయంగా రావాల్సిందేనని మావారికి గట్టిగా చెప్పండి’ అని నేనే అన్నాను.”