అలసట మీద ఫస్టు ర్యాంకు

(బడిలో పాత మ్యాపులూ విరిగిన బల్లలూ పడేసే గది. ఇంగ్లీషు టీచరు ట్రైనింగులో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు. వరసకి వదినా, ఆడపడుచూ.)

"నవ్వకు వదినా. ఇది నా ప్రాజెక్టు. ట్రైనీ టీచర్ల అలసట, మార్కుల మీద దాని ప్రభావం. ప్రశ్న అడుగుతా, నాలుగింట్లో ఒకటి చెప్పు. ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, తరచుగా, రోజూ."

"ఇంకాసేపట్లో నీ పాఠం చూసి మార్కులెయ్యడానికి బయట్నుంచి మేడమ్ వస్తోంది. ఇప్పుడా ర్యాంకమ్మా ఈ ప్రశ్నలు?"

"ఆవిడ వచ్చేలోపు అయిపోతుంది."

"అయినా కాలేజీ మొత్తంలో నేనే దొరికానా?"

"తక్కువ మార్కులవాళ్ళు కావాలి. దూరం వెళ్ళడమెందుకు, ఇంట్లోనే ఉన్నావుగా."

"మీ అన్నయ్య కూడా ఇంత ముద్దుగా తిట్టడు."

"పొద్దున్నే బడి గేటు చూడగానే కడుపులో తిప్పినట్టుంటుందా?"

"తిప్పడమెందుకు, ఆకలేస్తుంది. అందరికీ డబ్బాలు సర్ది నాది మర్చిపోయి వస్తానుగా. ఎప్పుడూ లేదు, రాసుకో."

"నిజం చెప్పు."

"చెప్పాగా."

"ఇద్దరు పిల్లలు, వంట, పైగా ఆ మార్కులు. నువ్వు అలసిపోయి తీరాలి. లేకపోతే నా ప్రాజెక్టు ఏం కావాలి?"

"సరే, నీ మనసు కష్టపెట్టడమెందుకు. అప్పుడప్పుడు అని వేసుకో."

"అలా వేస్తే పరిశోధన కాదు."

"ఓహో. ఇప్పటిదాకా నువ్వు చేసింది పరిశోధనా?"

"రెండోది. పిల్లల ముందు నిలబడితే గొంతు పెగలదా?"

"నాకా? నా గొంతు ఎప్పుడాగుతుందా అని ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తుంటే. నిన్న తొమ్మిదో తరగతిలో వెనకబెంచీ పిల్ల ఒకతి, తప్పిపోయిన కుక్క కథ ఇంగ్లీషులో చెప్పింది. మాటలు చాలక మధ్యలో మొరిగింది కూడా. క్లాసంతా పడీపడీ నవ్వారు. ఆ క్లాసు అసలు టీచరు మాత్రం స్టాఫ్ రూములోంచి కదల్లేదు. ట్రైనీల్లో ఎవరొచ్చారో, ఎవరు వెళ్ళారో ఆవిడకెందుకు."

"తొమ్మిదో తరగతి సంగతి ఇప్పుడెందుకు?"

"నీ క్లాసు కదా, తెలుసుకుంటావని."

"తెలుసు. మూడోది. పోయిన పరీక్షలో నీ మార్కులు ఎందుకు పడిపోయాయి?"

"కాలేజీలో మా బ్యాచి సైకాలజీ క్లాసులకి వెళ్ళలేదుగా."

"అదే అంటున్నా. సగం ఎగ్గొట్టావు. సార్ మా బ్యాచిలో అందరి ముందూ నీ గురించి నన్నడిగితే నాకు తల కొట్టేసినట్టయింది. ఈవిడ మా వదిన అని చెప్పుకోవడమే మానేశా."

"మంచి పని చేశావు. ఆ గంటలో నేనెక్కడికెళ్ళానో కూడా రాసుకో."

"అది ప్రశ్నల్లో లేదు."

"చేర్చు."

"కుదరదు. నాలుగోది..."

"గంట కొట్టారు."

"విన్నా. నాలుగోది."

"అది నీ పీరియడు. మేడమ్ వచ్చేసింది, ఇందాకే చూశా, హెడ్మాస్టరు గదిలో టీ తాగుతోంది. ఇవాళ పాఠం చెప్పకపోతే గోల్డ్ మెడల్ సంగతి దేవుడెరుగు, పాసు కూడా కావు."

"నా లెసన్ ప్లాన్ బ్రహ్మాండంగా ఉందని కాలేజీలో గోడకి అంటించారు, తెలుసా?"

"అయితే ఆ గోడనే పంపుదామా క్లాసుకి?"

"వెటకారం ఆపు."

"ఆపా. లే."

"ఇంకొక్క ప్రశ్న."

"ఈసారి నేనడుగుతా. పొద్దున్నే గేటు చూడగానే కడుపులో తిప్పినట్టుంటుందా?"

"ప్రాజెక్టు చేసేవాళ్ళు జవాబు చెప్పకూడదు."

"పిల్లల ముందు నిలబడితే గొంతు?"

"గంట కొట్టారన్నావుగా వదినా."

"ఇప్పుడు గుర్తొచ్చిందా? నాలుగింట్లో ఒకటి చెప్పు."

"రోజూ."

"ఏది?"

"రెండూ. రెండూ రోజూ. పుస్తకం తీస్తే అక్షరాలు అలుక్కుపోయినట్టుంటాయి. అయినా బట్టీ పడతా, రాస్తా, ఫస్టొస్తుంది. ఫస్టొచ్చిన ప్రతిసారీ అమ్మ వీధంతా చెప్పుకొస్తుంది. ఇంక ఎవరికని చెప్పను, నాకు చేతకావట్లేదని?"

"నాకు చెప్పావుగా. మొదటి రోజే, ఇదే బల్ల మీద కూర్చుని ఏడ్చావు. అప్పుడే అత్తయ్యతో చెబుదామన్నా. చేతులు పట్టుకుని ఆపావు. ఆఖరికి నీ అలసట తెచ్చి నా నెత్తిన రుద్ది, దాని మీద కూడా ర్యాంకు కొడదామనుకున్నావు."

"తిట్టు."

"తీరిగ్గా ఇంట్లో తిడతా. ముందు మొహం కడుక్కో. చేతికి ఆ సిరా ఏంటి, చిన్నపిల్లలాగా. పద, తలుపు దాకా నేనొస్తా."

"లోపలికి?"

"ఇవాళ లోపలికి కుదరదు. హాల్ టికెట్టు మీద ఫొటో చూసిగానీ కూర్చోదు ఆవిడ."

"నాకు భయంగా ఉంది వదినా."

"పాఠం రాదా?"

"పాఠం కళ్ళు మూసుకుని చెబుతా."

"మరేంటి? ఆవిడంటేనా?"

"ఆవిడ కాదు, పిల్లలు. మొదటి రోజు నుంచీ వాళ్ళకి పాఠం చెప్పింది నువ్వు. నేను ఈ గదిలో కూర్చుని ప్రాజెక్టు రాసుకున్నా. ఇప్పుడా తలుపు తీసి, వాళ్ళకి నేనెవరని చెప్పను?"