అతికించిన చెయ్యికి వేరే రూలా

"నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు, ఆ సంగతి మీకు తెలుసు. ఒక్క మాట మాత్రం చెప్తా. మొన్న ఆదివారం మా బావతో పది నిమిషాలు వాదించాను, ఆయనకి నోట మాట రాలేదు. అంతే. లెక్కల మాస్టారు, ముప్పై ఏళ్ళుగా పిల్లల నోళ్ళు మూయించిన మనిషి, నా ముందు తన నోరు మూసుకున్నాడు."

వెల్డింగు షాపాయన తన షాపు ఎదురుగా ఉన్న టీ కొట్టు బెంచీ మీద కూర్చుని చెబుతున్నాడు. చేతి తొడుగులు ఇంకా తియ్యలేదు. పక్కన పంక్చర్లు వేసే బాబాయి, స్టవ్ దగ్గర కొట్టు పెద్దాయన వింటున్నారు.

"దేని గురించి వాదన?" అన్నాడు బాబాయి.

"చెయ్యి గురించి. ఈ చెయ్యి కాదు బాబాయ్, ఆటలో చెయ్యి. ఏడేళ్ళ నుంచి ప్రతి ఆదివారం మా బావ ఇంటి మేడగదిలో ఆడుతున్నాం కదా, ఒక్కొక్కళ్ళం ఒక్కో వీరుడన్నమాట, వాడి బలమెంత, వాడి కత్తేంటి, వాడికి తగిలిన దెబ్బలెన్ని, అన్నీ కాగితం మీద రాసుకుంటాం, కథ మా బావ నడుపుతాడు, దెబ్బ తగిలిందో లేదో ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. పోయిన ఏడాది సొరంగంలో నా వీరుడికి ఎడమ చెయ్యి పోయింది. పోతే ఏడుస్తూ కూర్చున్నానా? చచ్చి పడున్న రాక్షసుడి చెయ్యి కోసుకొచ్చి భుజానికి కుట్టించుకున్నాను. మాతో ఆడే నర్సమ్మ ఉంది చూశారూ, ఆటలో ఆవిడే వైద్యురాలు, ఆవిడే కుట్టింది. ఆ చెయ్యితో కోట తలుపు ఊడబీకాను, తలుపుతో పాటు సగం కోట వచ్చేసింది.

అలాంటి చెయ్యి మీదకి మొన్న ఒక బల్లెంవాడు వచ్చాడు. పేరు కూడా లేని బంటు. పొడిస్తే మనిషిని పొడవాలి కదా? కాదట, ఆ చెయ్యినే పొడుస్తాడట. మా బావ నోటుపుస్తకం తీసి తీరిగ్గా చదివాడు. అతికించిన అవయవాన్ని గురిపెట్టి కొట్టొచ్చు, గురి కష్టం కాబట్టి పాచికలో పడ్డ అంకెలోంచి నాలుగు తగ్గించుకోవాలి, కానీ తగిలిందంటే కుట్లు తెగి అవయవం కింద పడిపోతుంది. పుట్టుకతో వచ్చిన చెయ్యికి మాత్రం ఈ రూలు లేదు. అంటే ఏంటి దానర్థం? అతికితే నాది కాదనా? ఏడాది నుంచి ఆ చెయ్యితోనే తిన్నాను, ఆ చెయ్యి మీదే తలపెట్టుకుని పడుకున్నాను, మంచుకొండ ఎక్కినప్పుడు ముందు వణికింది అదే. అది నాది కాకపోతే ఎవడిది?"

"రాక్షసుడిది," అన్నాడు కొట్టు పెద్దాయన.

"నువ్వు టీ చూసుకో పెద్దాయనా, పొంగుతోంది. నేను బావకి ఏం చెప్పానంటే, పాతికేళ్ళుగా ఇనుము అతుకుతున్నాను, సరిగ్గా అతికితే అతుకు దగ్గర విరగదు, విరిగితే పక్కన విరుగుతుంది. మార్కెట్ గేటు నేను అతికిందే. లారీ వచ్చి గుద్దితే లారీ మూతి లోపలికి పోయింది, గేటుకి గీత పడలేదు."

"గుద్దింది స్కూటరు కదరా," అన్నాడు బాబాయి.

"స్కూటరు వెనకే లారీ ఉంది బాబాయ్, నువ్వు చూడలేదు. సరే, ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా గొంతు విని కింద వాటాల వాళ్ళు మెట్లెక్కి వచ్చేశారు. ఆ చిన్న గదిలో నలభై మంది. అందరూ చెయ్యి నాదే అన్నారు. బావకి చెమటలు పట్టి, ఆట పుస్తకం అచ్చేసిన కంపెనీకి ఫోన్ చేశాడు. అక్కడి పెద్ద నాతో గంటసేపు మాట్లాడి, బాబూ, ఇన్నేళ్ళూ ఎంతమంది చేతులు అన్యాయంగా ఊడగొట్టామో అని ఏడ్చేశాడు. ఆయన ఏడుస్తుంటే వెనక ఆఫీసంతా ఏడ్చింది, నాకు వినబడింది. కొత్త పుస్తకంలో ఆ పేజీ నన్నే రాయమన్నాడు. గ్రిల్లు పనులున్నాయి, కుదరదన్నాను.

అయినా బావ మెత్తబడలేదు. సరే, పాచికనే అడుగుదాం అని తీసి వేశాను. ఇరవై పడింది. మళ్ళీ వేశాను, ఇరవై. వరసగా పదకొండుసార్లు ఇరవై. పన్నెండోసారి ఇరవై ఒకటి పడింది."

"ఇరవై ముఖాల పాచికకి ఇరవై ఒకటి ఎలా పడుతుందిరా?"

"బావ కూడా సరిగ్గా అదే అడగబోయాడు. అప్పుడే నోట మాట రాలేదు."

ఇంతలో ఆసుపత్రి వైపు నుంచి నర్సమ్మ ఫ్లాస్కు పట్టుకుని వచ్చింది. వెల్డింగాయన బెంచీ మీద పక్కకి జరిగి చోటిచ్చాడు.

"రా నర్సమ్మా, సమయానికి వచ్చావు, సాక్షివి నువ్వే. మర్నాడు ఈవిడ ఆసుపత్రి నుంచే ఎముకల డాక్టర్లు అయిదుగురు నా షాపుకొచ్చారు, అతుకంటే ఏంటో చూపించమని. చూపించాను. ఇప్పుడు వాళ్ళ ఆపరేషన్ గదిలో గోడకి నా ఫోటో ఉంది."

నర్సమ్మ ఫ్లాస్కు పెద్దాయన చేతికిచ్చి, ఆ గోడకి ఒక గడియారం మాత్రమే ఉందని చెప్పింది. అతను వినిపించుకోలేదు. గొంతు మాత్రం కాస్త దిగింది.

"ఇంత జరిగాక కూడా రూలు రూలే అన్నాడు బావ. నా వీరుడి కాగితం చింపేసి వచ్చేశాను. ఇక ఆ మేడ మెట్లెక్కను. నాలుగు రోజులైంది, మా అక్క ఒక్క ఫోన్ చెయ్యలేదు. సొంత అక్క, అదీ ఆ రూలు పక్షమే. కుట్టుకున్న చెయ్యిని చెయ్యి కాదనే రూలు, మనసున్నవాడెవడైనా రాస్తాడా? రాసిన వెధవ ఎవడో నా కంటపడితే అప్పుడు చెప్తాను."

"మీ అక్క రోజూ చేస్తోందట. నువ్వే ఎత్తడం లేదట," అంది నర్సమ్మ. "ఇంకో సంగతి, అన్నా. అచ్చు పుస్తకంలో ఆ రూలు లేదు. అందుకే మాస్టారు నోటుపుస్తకం చదివారు. మూడు నెలల కిందట గద్ద రెక్కలు కుట్టించుకున్న మంత్రగత్తెతో యుద్ధం చేశాం కదా. ఆవిడ ఎగిరిపోతుంటే, కుట్టిన రెక్కలు ఆవిడవి కావు, తగిలితే ఊడి పడాల్సిందేనని రెండు గంటలు గొడవ చేశావు. రేపు నీ చెయ్యికీ ఇదే వర్తిస్తుందని మాస్టారు చెబుతూనే ఉన్నారు. నువ్వు వినలేదు. నోటుపుస్తకం లాక్కుని నీ చేత్తోనే రాశావు, కింద సంతకం పెట్టావు."

బాబాయి తల దించుకుని టీ తాగుతున్నాడు. కొట్టు పెద్దాయన మాత్రం ఆగలేక, మరి ఆ పదకొండు ఇరవైల సంగతేంటని అడిగాడు. అతను వేసింది ఒక్కసారేననీ, రెండు పడిందనీ చెప్పింది నర్సమ్మ.

వెల్డింగాయన ఒక తొడుగు తీసి, దులిపి, మళ్ళీ వేసుకున్నాడు. ఆ రూలు కొట్టేయించడం కుదరదా అని అడిగాడు.

"కుదురుతుంది. మాస్టారు అదే చెప్పమన్నారు, ఆదివారం నాలుగింటికి రమ్మన్నారు. అయితే న్యాయం అందరికీ ఒకటే కాబట్టి, ఆ రూలుతో మనం ఊడగొట్టిన మంత్రగత్తె రెక్కలు కూడా తిరిగి అతికించాలట."

"అతికిస్తే ఆవిడ మళ్ళీ మన మీదకే వస్తుంది కదా?"

"ముందు నీ మీదకే వస్తుంది."

అతను గ్లాసు ఖాళీ చేసి బెంచీ మీద పెట్టాడు.

"అయితే నాలుగింటికి వస్తానని చెప్పు. రూలు అలాగే ఉండనీ. ఎంతైనా మంచి రూలే. రాసినవాడెవడో గానీ, బుర్ర ఉన్నవాడు."