పిల్లకు ఏం తగ్గితే బాగైనట్టు?

పందొమ్మిది వందల అరవైలో జమ్మలమడుగు ఆస్పత్రిలో పిల్లల పుచ్చిపళ్లకు రెండు రకాల వైద్యం చేసి, ఏది మేలో పరీక్షిస్తున్నారు. సగం మందికి పన్ను తొలిచి సిమెంటు నింపారు. మిగతావాళ్లకు తొలవకుండా, పుచ్చు ముదరనీయని వెండి మందు పూశారు. ఒకరోజు ఒక తల్లి డాక్టరమ్మ గదిలోకి భయపడుతూ ఒక్కతే వచ్చింది.

“మా ఖైరున్ పంట్లో బొక్క అట్లే ఉండాదమ్మా. పూసిన మందు పనిచేయలేదని తొలిచే మిషన్ పెడతారేమోనని పిల్లను బయటే కూర్చోబెట్టినా.”

“బొక్క సంగతి తర్వాత చూద్దాం. రాత్రిళ్లు నిద్రపోతోందా?”

“పోతాందమ్మా. ముందు దవడ పట్టుకోని లేచి ఏడుస్తాండె. ఇప్పుడు పొద్దున నేనే లేపల్ల.”

“మరి తిండి?”

“జొన్నరొట్టె నమిలి తింటాంది. అంతకుముందు పాలల్లో నానబెట్టి ఇస్తాంటి.”

“అయితే మందు పనిచేసినట్టేనమ్మా.”

“బొక్క పూడకపోయినా?”

“మొదట మేమూ బొక్కలే కొలవాలనుకున్నాం. తర్వాత, పిల్లకు ఏం తగ్గితే బాగైనట్టు అనుకుంటారని తల్లులను అడిగాం. అందరూ నిద్రపోవాలి, నమిలి తినాలి అనే చెప్పారు. అందుకే ముందు అవే అడుగుతున్నా. వాపుందేమో నోరు చూస్తాను. మిషన్ మాత్రం పెట్టను.”

“యా అల్లా! వారం నుంచి నాకు కన్ను మూతపడలేదమ్మా.”

“ఇంకొక్కటి చెప్పు. ఇవాళ ఆస్పత్రికి వెళ్దామంటే ఏడ్చిందా?”

“యాడమ్మా! అదో చూడండి, మీరు పిలవకముందే తలుపు కాడ నోరు తెరుచుకోని నిలబడింది.”