చీకటిలో చేపకన్ను చెప్పిన మాట

1957వ సంవత్సరం జూలై ఎనిమిదవ తేదీన తిరుపతిలో మన జంతుశాస్త్ర విభాగంలో డెమాన్‌స్ట్రేటరుగా చేరిన శ్రీమతి పంకజాక్షి గారు, మూడు దశాబ్దాల అధ్యాపన, పరిశోధనల అనంతరం ఈ మాసాంతాన ఆచార్య పదవి నుండి విరమిస్తున్నారు. వారి శిష్యురాలినై, పిదప సహోద్యోగినైన వసంతను నేను.

తొలి ఏళ్లలో పాకాల నుండి రైలులో వచ్చి పాఠం చెప్పిన వారు, డెబ్బైలలో కంటి లోపలి రెటీనా పొర మీద మనసు పారేసుకున్నారు. అందలి నాడీకణాలు ఒకదాన్నొకటి కాస్త అదుపు చేసుకుంటేనే చూపు తేటపడుతుంది. ఆ అదుపు ఎట్లా సాగుతుందన్నదే వారి రాత్రింబవళ్ల ధ్యాస.

ప్రయోగానికి పులికాట్ సరస్సు చేపలను మూత డబ్బాలో చీకటిలోనే తేవాలి. ఒకసారి బస్సులో కండక్టరు, "ఏముండాదమ్మా ఇందులో? మూత తియ్యి, సూస్తా" అన్నాడు.

"తియ్యొద్దప్పా! చేపల కండ్లు చీకటికి అలవాటు పడతాండాయి. వెలుగు తగిల్తే మా పని చెడిపోతాది" అన్నారు మేడమ్.

"అట్లయితే నిద్దరపోనీలేమ్మా" అని, ఆయన బస్సంతా తిరిగి గట్టిగా మాట్లాడవద్దని అందరికీ చెప్పి వచ్చాడు. తిరుపతి దాకా జనం గుసగుసలే. ఆ మెత్తని సద్దులో మేడమే కునుకు తీశారు.

1983లో నా పరిశోధన చిక్కున పడింది. కాకమారి గింజల నుండి తీసిన మందు వేస్తే, కణాలను అదుపులో ఉంచే గాబా అనే రసాయనం పట్టు సడలి కణాలన్నీ చెలరేగాలి. కొన్ని ఉలకలేదు, పలకలేదు. కొలత తప్పి ఉంటుంది, వాటిని వదిలేసి రాయమన్నారు విభాగంలోని పెద్దలు. వేసవితో నా ఉపకారవేతనం ఆఖరు. డాక్టరేట్ పట్టా రాకుంటే మా ఊరు నగరికి, ఇంటి మగ్గం దగ్గరికి తిరిగిపోవలసినదాన్ని. భయంతో సరేననబోయాను.

"మనకు అర్థం కాలేదని అవి తప్పయిపోతాయా మే? ఇంగో మందుతో అడిగి సూద్దాం" అన్నారు మేడమ్.

ముషిణి గింజల నుండి తీసిన మందు వేశాము. మొండికేసిన కణాలు అప్పుడు పలికాయి. వాటి గ్రాహకాలు గాబా మాట కాదు, ఈ మందు అడ్డుకునే గ్లైసీన్ అనే మరో రసాయనం మాట వినేవి. ఒకే కంటిలో, పక్కపక్కనే ఉంటూ, వేర్వేరు మాటలకు ఊరుకునే కణాలు! చీకటిగదిలో మేమిద్దరం చేతులు పట్టుకుని చాలాసేపు అట్లాగే కూర్చున్నాము. ఆ ఫలితంతోనే నాకు పట్టా వచ్చింది, ఈ ఊళ్లో ఉద్యోగమూ వచ్చింది.

మేడమ్, మీరు వెళ్లిపోతున్నారంటే ఏడుపు ఆగడం లేదు. వచ్చే నెల మీ కంటికి శుక్లాల ఆపరేషన్ అట. ఆయురారోగ్యాలతో, తేటైన చూపుతో మీరు కలకాలం వర్ధిల్లాలి. నన్ను నగరికి పోనివ్వలేదు కదా, కట్టు విప్పేనాడు మీ మంచం పక్కన నేనే ఉంటాను.