నిద్రపుచ్చే శోకం

(ఐర్లండ్ పడమటి తీరంలో సోరకా వంటిల్లు. ఆమె పాడిన క్యాసెట్ తయారుచేసిన డెస్మండ్ డబ్లిన్ నుంచి వచ్చాడు. వెనక గది తలుపు మూసి ఉంది.)

"వద్దంటే వద్దు నాయనా. రొట్టె చల్లారిపోతోంది, తిను."

"తింటా సోరకమ్మా, తింటా. ముందు కచేరీకి వస్తానని ఒక్క మాట అనండి."

"వెన్న రాసుకో."

"టిక్కెట్లన్నీ అయిపోయాయి. మంత్రిగారొస్తున్నారు. జర్మనీ నుంచి జనం బస్సు కట్టించుకుని మరీ వస్తున్నారు. అందరూ మీ కోసమే. ఆ ఒక్క పాటా పాడండి చాలు."

"ఆవు ఈనడానికి ఉంది."

"పోయిన నెల ఫోన్లోనూ ఆవు ఈనడానికే ఉంది."

"అది ఇంకో ఆవు."

"మీకున్నదే ఒక్క ఆవు. ఇప్పుడే దాని పక్కనుంచి వచ్చా."

"అబ్బో, నీకు ఆవుల సంగతి బాగా తెలుసే! అలల సంగతి మాత్రం తెలీదు. క్యాసెట్లో నా గొంతు వెనక వేశావే, ఆ అలల చప్పుడు మాది కాదు. మా రేవులో ఇసుకెక్కడిది? అన్నీ రాళ్ళే. రాళ్ళ మీద అల అలా గుసగుసలాడదు, తిడుతుంది."

"ఆ రోజు మీ రేవులో గాలి మరీ ఎక్కువ. రికార్డు చెయ్యలేకపోయా. అందుకని..."

"అందుకని?"

"మా ఇంట్లో, స్నానాల తొట్టిలో..."

"తొట్టిలోనా!"

"చేత్తో మెల్లగా కదిపా. ఎవరూ పట్టుకోలేదు. లండన్ పత్రికవాడు మహాసముద్రం ఆత్మ వినిపించిందని రాశాడు."

"పాటని కూడా సాగదీశావు. మా చెల్లెలు విని, తాగి పాడావుటే అంది."

"అదే దాని అందం! మీ గొంతు నెమ్మది చేసి, వెనక సింథసైజరూ, హార్పూ వేశా. ప్రపంచమంతా దాంతోనే నిద్రపోతోంది సోరకమ్మా. యోగా నేర్పేచోట అదే. మసాజు చేసేచోట అదే. జపాన్లో లిఫ్టు ఎక్కితే అదే. జర్మనీలో కాన్పుల గదుల్లో పెడుతున్నారు, తెలుసా? పుట్టిన బిడ్డ మొట్టమొదట వినేది మీ గొంతే!"

"మేరీ మాతా! కాన్పుల గదిలోనా? తీసెయ్యమను. ఇవ్వాళే తీసెయ్యమను."

"ఎందుకూ?"

"ఆ పాటేమిటో నన్నెప్పుడైనా అడిగావా డెస్మండ్?"

"అట్ట మీద వేశాంగా, సముద్రదేవతకు వెయ్యేళ్ళ నాటి ప్రార్థన అని."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. వింటే అలా అనిపించింది. నాకు మీ ఐరిష్ రాదు కదా. బళ్ళో నేర్పారుగానీ, నాకు మిగిలింది 'మాస్టారూ, బయటికి వెళ్ళొచ్చా' ఒక్కటే."

"అది శోకం నాయనా. శవం ముందు కూచుని తీసే శోకం. మా నాయనమ్మ తీసేది. ఆవిడ తర్వాత ఈ చుట్టుపక్కల నేనొక్కదాన్నే. నువ్వు మైకు తెచ్చి నోటి ముందు పెట్టి, బాగా పాతదీ బాగా ఏడుపుదీ పాడమన్నావు. పాడా."

"శోకమా? పర్లేదు, ఇంకా బాగుంది. అట్ట మార్చేద్దాం. శోకదేవతకు..."

"దేవతకు కాదు, మనిషికి! ఊరికే తియ్యకూడదు శోకం. పోయిన మనిషంటూ ఉండాలి. పేరు పెట్టి పిలవాలి. ఎలాంటి వెధవైనా సరే, పొగడాలి. అది పద్ధతి."

"మరి ఆ రోజు ఎవరు పోయారు?"

"ఉండు, టీ పోస్తా."

"సోరకమ్మా, ఎవరు పోయారు?"

"మా ఆయన. కోల్మన్."

"అయ్యో! నాకు తెలీదు. మీరు భర్త పోయినావిడని..."

"నేనూ అలాగే అనుకున్నా. పనికని గ్లాస్గో వెళ్ళి, అక్కడ చేపలమ్మే మాగీ అనే ఆవిడతో కాపురం పెట్టాడు. తర్వాత ఉత్తరం లేదు, కబురు లేదు. పోయాడని ఎవరో అన్నారు. నువ్వేమో పాడమన్నావు. పోయినవాడొకడు కావాలి, ఇతని పేరు పెట్టా. పద్ధతి ప్రకారం పొగిడా. నా పడవకి తెరచాప కొయ్యా, ఏనాడూ గొంతెత్తని నా మొగుడా, నీ కుర్చీ ఖాళీగా ఉందయ్యా అని."

"ఎంత గొప్పగా ఉంది! ఇదే స్టేజీ మీద చెబుదాం. భర్తను పోగొట్టుకున్న ఇల్లాలు..."

"మొన్న ఈస్టరు ముందు గ్లాస్గోలో ఒకడికి పన్ను నొప్పి వచ్చింది."

"ఎవరికి?"

"పళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళి కూచున్నాడు. అక్కడ నీ క్యాసెట్ మోగుతోంది. అందరూ కునుకు తీస్తున్నారు. ఐరిష్ వచ్చినవాడు ఇతనొక్కడే. తన పేరు విన్నాడు, తన పొగడ్త విన్నాడు, భోరుమన్నాడు. పన్ను కూడా పీకించుకోకుండా పడవెక్కాడు."

"అంటే..."

"ఆ తలుపు వెనక పడుకున్నాడు. శుభ్రంగా తింటున్నాడు."

"బతికే ఉన్నాడా! సంతోషించక..."

"సంతోషమా? నా ఇల్లు, నా ఆవు, నా రేడియో. ఎంత హాయిగా ఉన్నానో నీకేం తెలుసు! ఇప్పుడు రోజూ ఆ క్యాసెట్ పెట్టి, చూశావా, నేను లేక ఎంత ఏడ్చావో అంటాడు. పొగిడింది నేనే, కాదనడానికి నోరేదీ?"

"పొమ్మనండి."

"ఫాదర్ గారు ఇదొక అద్భుతమని చర్చిలో చెప్పారు. అద్భుతాన్ని ఇంట్లోంచి గెంటేస్తే ఊరు ఊరుకుంటుందా?"

"సరే, ఉండనివ్వండి. పాడటానికేం అడ్డం?"

"బతికున్నవాడి మీద శోకం తీస్తే ఏడాది తిరక్కుండా ఆ మనిషి పోతాడు. అప్పుడు పోయాడనుకుని పాడా, దోషం లేదు. ఇప్పుడు తెలిసి పాడితే చంపినట్టే."

"ఈ రోజుల్లో ఇంకా ఇవన్నీ నమ్ముతారా?"

"నమ్ముతా."

"పోనీ పేరు మార్చి పాడండి."

"ఆ పేరుగలవాడు పోతాడు. నీ పేరు పెట్టనా?"

"వద్దొద్దు!"

"చూశావా, నువ్వూ నమ్ముతావు."

"మీరు రాకపోతే నేను మునిగిపోతా సోరకమ్మా. కంపెనీవాళ్ళు రెండో క్యాసెట్ చెయ్యనివ్వరు. నా గతేం కాను?"

"ఒక మనిషి ప్రాణం నాయనా. ఎంత పనికిమాలినవాడిదైనా ప్రాణం ప్రాణమే. ఆ పాపం నేను కట్టుకోలేను. ఇంకడక్కు."

"ఒసే సోరకా! ఎవరే అక్కడ గొణుగుతున్నారు? నా టీ ఏదీ?"

"లేచాడు. తెస్తున్నానయ్యా!"

"చక్కెర సరిగ్గా వెయ్యి! నిన్నటిది నోట పెట్టలేకపోయా. మాగీ కలిపితే ఎలా ఉండేదనుకున్నావ్!"

"తెస్తున్నా."

"అన్నట్టు, ఆవుని అమ్మేశా. రేపు పొద్దున తోలుకుపోతారు."

"నా ఆవునా?"

"మన ఆవే! నువ్వు ముందా క్యాసెట్ పెట్టు. నేను ఏనాడూ గొంతెత్తలేదంటావే, ఆ ముక్క దగ్గర్నుంచి పెట్టు! వినపడుతోందా!"

"వినపడిందయ్యా, వినపడింది."

"సోరకమ్మా, నేను బయల్దేరతా. మిమ్మల్నింక ఇబ్బంది పెట్టను."

"కూచో నాయనా. రొట్టె పూర్తిగా తినలేదు. కచేరీ ఏ రోజన్నావు?"