ఆరో అద్దం

కుర్చీలు సరిపోతాయి మేడమ్, మంచినీళ్లూ ఉన్నాయి. ఆడవాళ్ల బాత్రూమా? ఎందుకు లేదండీ, రెండంతస్తులు కిందికి దిగి, స్టోర్‌రూమ్ దాటితే వచ్చేస్తుంది. మెట్లెక్కి దిగితే ఒంటికి మంచిదేగా! టిక్కు పెట్టేసుకోండి.

నా ఫిర్యాదు గురించేగా మీరొచ్చింది? చెప్తా. మా సారుకి మాత్రం చెప్పకండి, ప్లీజ్.

"ఫిజిక్స్‌లో మహిళలు" అని పోస్టరు వేస్తామన్నారు మీ మహిళా కమిటీవాళ్లు. ఈ ల్యాబ్‌లో మహిళలంటే ఎవరూ? నేనొక్కదాన్నే. బహువచనం గౌరవం కోసం కాబోలు!

అదిగో, ఆ బల్ల చూశారా? పద్నాలుగు అద్దాలు. లేజరు వెలుగు ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి దూకి, చివర్న సూదిబెజ్జమంత కన్నంలో దూరాలి. ఏ అద్దం వెంట్రుకవాసి జరిగినా అంతే సంగతులు. పదకొండు రోజులు పట్టింది నాకు వాటిని కుదర్చడానికి. మర్నాడు పొద్దున కొలతలు తీయాలి. సాయంత్రంతో లేజరు మీద నా వంతు అయిపోతుంది. కొలతలొస్తే రీసెర్చ్ పేపర్లో మొదటి పేరు నాది.

సరిగ్గా అప్పుడు దిగారండీ ఫొటోగ్రాఫర్ గారు! తెల్లకోటు వేసుకోమన్నారు. మేమెవరం వేసుకుంటామండీ ఇక్కడ? కెమిస్ట్రీవాళ్లని బతిమాలి తెచ్చారు. చేతిలో స్క్రూడ్రైవరు పెట్టి, "ఏదో కనిపెట్టినట్టు ఆశ్చర్యంగా చూడమ్మా" అన్నారు.

ఆరో అద్దం నా మొహానికి అడ్డొచ్చిందట. కాస్త పక్కకి జరిపారు. అంతే.

సారేమన్నారో తెలుసా? "పోన్లేమ్మా, ఫొటో మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది." తర్వాతి వంతు పక్క బల్ల అబ్బాయిది. అవే కొలతలు వాడు తీసేశాడు. వాడి బల్ల దగ్గరికి ఏ ఫొటోగ్రాఫరూ రాలేదు, పాపం! మొదటి పేరు వాడిది. నాది చివర్న, కృతజ్ఞతల్లో, కరెంటు పనాయన పక్కన. పోస్టర్లో మాత్రం నిలువెత్తు నేనే. మా అమ్మ ఒకటి పంపమంది కూడా, గోడకి అతికిస్తుందట!

ఏంటండీ? అద్దం జరుపుతున్నప్పుడు నేనెక్కడున్నానా?

...అందరితో చూళ్లేదనే చెప్పాను.

చూశానండీ. ఆయన చెయ్యి అద్దం మీదికి వెళ్లడం చూస్తూనే ఉన్నా. "ముట్టుకోకండి" అనడానికి ఎంతసేపు? సరిగ్గా అప్పుడే, ఫొటో తీయించడానికొచ్చిన మీ కమిటీ పెద్దావిడ సారుతో, "ఈ అమ్మాయి ఎంత కలుపుగోలో!" అంటున్నారు. వద్దంటే పొగరనుకుంటారేమో అనిపించింది. ఉన్నదాన్ని ఒక్కదాన్ని, నాకూ పొగరంటే ఇంకెవర్ని తీసుకుంటారిక్కడ?

ఫొటోగ్రాఫర్ గారు అడిగారు కూడా మేడమ్, పాపం మర్యాదగానే. "ఇంకొంచెం జరపొచ్చామ్మా?" అని.

"అయ్యో, మీ ఇష్టమండీ" అన్నాను.